గుడ్లగూబ వాలే పెరట్లో కోళ్లకు ఏది మేలు: గంపా, జాలీ గూడా?

బెంగళూరు శివారు యెలహంక దాటితే పెరటి కోళ్లూ ఉన్నాయి, రాత్రి గుడ్లగూబలూ ఉన్నాయి. తెల్లముఖం గుడ్లగూబకు ప్రధాన ఆహారం ఎలుకలే. అది మనకు మేలే చేస్తుంది. కోడిని ఎత్తుకుపోగలిగేది కొమ్ముల గుడ్లగూబ.

ఖర్చు: గంప చవక. జాలీ గూటికి వేలల్లో అవుతుంది.

శ్రమ: గంపను రోజూ చీకటి పడకముందే మూయాలి. ఒక్క సాయంత్రం మరచినా కోడి దక్కకపోవచ్చు. జాలీ గూటికి గడియ వేస్తే చాలు.

ప్రమాదం: గంపను కుక్క దొర్లించగలదు. జాలీ అర అంగుళం కన్నులది, పైకప్పుతో సహా ఉండాలి.

రెండు మూడు కోళ్లుండి, సాయంత్రం ఇంట్లో ఎవరైనా ఉంటే గంప. ఉద్యోగం నుంచి ఆలస్యంగా వచ్చేవారికి జాలీ. గుడ్లగూబను మాత్రం కొట్టకండి. 1972 వన్యప్రాణి చట్టం దానికి రక్షణ.