డి కింద చుక్క: పాత పుస్తకాల సైటు నాలుగేళ్లు వాడాక

పాత పుస్తకాల స్కాన్లు ఉచితంగా ఎక్కడ దొరుకుతాయో, పీడీఎఫ్ ఎలా దించుకోవాలో అందరికీ తెలిసిందే కాబట్టి దాని జోలికి పోను. నేను చెప్పేదల్లా పుస్తకం లోపల మాటని వెతికిపెట్టే ఆ చిన్న పెట్టె గురించే. దాని మీద నాకు నాలుగేళ్ల ప్రేమ ఉంది, ఏడాదిగా కోపమూ ఉంది.

1883 నాటి కృష్ణా జిల్లా మాన్యువల్ ఉంది చూశారూ (జిల్లా సంగతులన్నీ దొరలు రాసిపెట్టిన పుస్తకం, రాసింది గోర్డన్ మెకంజీ), ఒకప్పుడు అది చూడాలంటే బీరువా తాళాలున్న మనిషి సెలవు నుంచి ఎప్పుడొస్తాడా అని కూర్చోవాలి. ఇప్పుడు రాత్రి అన్నం తిని, మంచం మీదే ‘మసులిపటం’ (దొరలు మన బందరుని అలా రాసేవారు) అని ఇంగ్లిషులో కొడితే, ఆ మాట ఉన్న పేజీలన్నీ వరసగా వచ్చేస్తాయి. 1864 నవంబరు నాటి బందరు ఉప్పెన గురించి మా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పుకునేవారు. ముప్పై వేల మంది పోయారని ఇంపీరియల్ గెజిటీరులో (దొరల కాలంలో ఊళ్ల వివరాలన్నీ వేసిన పుస్తకాలు) కనబడిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఊళ్ల పేర్లు దొరల నోట్లో ఎలా తిరిగాయో తెలిస్తే చాలు, ఏదైనా దొరుకుతుంది అనుకున్నాను. కృష్ణ కిస్ట్నా, ఏలూరు ఎల్లోర్, కాకినాడ కొకనాడ, శ్రీకాకుళం చికకోల్. ఇవన్నీ నోటుబుక్కులో రాసుకుని, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ పాఠం చెప్పాను.

ఇక మా ఊరి సంగతి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఏ ఊళ్లో ఏ పాత గుడి, ఏ శాసనం ఉన్నాయో రాబర్ట్ సూయెల్ అనే దొర తాలూకాలవారీగా జాబితా వేశాడు. మొదటి సంపుటం 1882లో వచ్చింది. మాది గుడివాడ దగ్గర చిన్న ఊరు. శివాలయంలో అరిగిపోయిన రాయి ఒకటుంది. సూయెల్ పుస్తకం తెరిచి ఊరి పేరు కొట్టాను. సున్నా. స్పెల్లింగు మార్చి మూడు రకాలుగా కొట్టాను. మూడుసార్లూ సున్నాయే. ఆ ఏడు గుడి ఉత్సవాల సంచికకి వ్యాసం అడిగితే, ‘సూయెల్ మన ఊరిని పట్టించుకోలేదు’ అని ధీమాగా రాసిచ్చాను. అచ్చయింది. పంచారు.

ఏడాది తర్వాత పక్క ఊరి చెరువు కోసం అవే పేజీలు ఊరికే తిప్పుతున్నాను. మా ఊరు కనబడింది! ఒకటిన్నర లైను. శివాలయం, రాతి మీద శాసనం, అంతే. ముందు సంతోషం, వెంటనే చెమటలు. లేదంటూ అచ్చేయించాను కదా!

పెట్టె వెతికేది పేజీ బొమ్మల్లో కాదు, వాటిని యంత్రం చదివి రాసిపెట్టిన అక్షరాల్లో. ఎందుకు దొరకలేదా అని ఆ అక్షరాల ఫైలు తెరిచాను. సూయెల్ మన ‘డ’ కోసం ఇంగ్లిషు డి కింద చుక్క పెట్టాడు. యంత్రం ఆ చుక్క డిని 4 అంకెగా చదివింది. మా ఊరి పేరు మధ్యలో నాలుగు! ఇంక ఏ స్పెల్లింగు కొడితే మాత్రం ఏం దొరుకుతుంది? పేరు లైను చివర విరిగి సగం కిందికి దిగినా ఇదే గతి అని తర్వాత తెలిసింది.

సంగతి తెలిసి మా బాబాయి సంచిక పట్టుకుని వచ్చి, “మనూరు లేదన్నావు కదరా, మరి ఇదేంటి?” అన్నాడు. చుక్క కథ చెప్పాను. “అంటే నువ్వు పుస్తకం చదవకుండానే రాశావన్నమాట” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

పైన పొగిడింది వెనక్కి తీసుకోను గానీ, అది బందరు, బెజవాడలాంటి పెద్ద ఊళ్లకి సరిపోయే పొగడ్త. పేరు వందసార్లు వచ్చేచోట పది తప్పిపోయినా నష్టం లేదు. ఒక్కసారే వచ్చే ఊరికి ఆ ఒక్కటీ పోతే ఇంకేముంది? పాత తెలుగు అచ్చు పుస్తకాల్లో అయితే ఒత్తులూ గుణింతాలూ కలగాపులగం అయిపోతాయి, అక్కడ నేను పెట్టె ముట్టుకోవడమే మానేశాను.

ఇప్పుడు ముందు పెట్టెలో కొట్టి చూస్తాను. దొరక్కపోతే ఆ తాలూకా పేజీలన్నీ కళ్లతో తిప్పుతాను. నేను రిటైరయ్యాను, టైముంది, కళ్లద్దాలు ఈమధ్యే మార్చాను, కాబట్టి నాకు నడుస్తోంది. ఉద్యోగం చేసుకుంటూ ఫోనులో చూసేవాళ్లకి ఇదే చెప్పగలనా అంటే, ఏమో.

సంచికలు నలభై దాకా మిగిలితే, అన్నిట్లో ఆ లైను పెన్నుతో దిద్దాను. పంచేసినవాటికి ఏం చెయ్యాలో ఇంకా తోచలేదు.