జర్మనీ పబ్లిక్ ఇన్సూరెన్స్: బిల్లు తక్కువ, ఎదురుచూపు ఎక్కువ

జర్మనీలో మొదటి జీతం స్లిప్పు చూసిన ఎవరికైనా నీరసం వస్తుంది. స్టుట్‌గార్ట్‌లో మా ఇద్దరికీ ఉద్యోగాలే కాబట్టి ఇద్దరి జీతాల్లోంచీ పబ్లిక్ హెల్త్ ఇన్సూరెన్స్ పేరుతో నెలనెలా బాగానే పోతుంది. చట్టం పెట్టిన రేటు జీతంలో 14.6 శాతం. దానిమీద ఒక్కో ఇన్సూరెన్స్ సంస్థ ఒక్కో అదనపు రేటు వేస్తుంది, 2025లో దాని సగటు 2.5 శాతం. ఈ మొత్తంలో సగం కంపెనీ కడుతుంది, సగం మనం. జలుబు కూడా చేయని ఏడాదుల్లో మా ఆయన ఆ లైను చూసి తెగ సణుక్కునేవారు, ఆయనకి పిత్తాశయంలో రాళ్లు పడేదాకా.

అర్ధరాత్రి కడుపునొప్పి మొదలైంది. డాక్టర్లు లేని వేళల్లో ఇక్కడ 116117కి ఫోన్ చేయాలి. ప్రాణం మీదికొస్తే మాత్రం 112. 116117 వాళ్లు హాస్పిటల్ ఎమర్జెన్సీకి వెళ్లమన్నారు. అక్కడ నర్సు రెండు మూడు ప్రశ్నలడిగి, బీపీ చూసి, కూర్చోమంది. ముందొచ్చినవాళ్లని ముందు చూడరు, ఎవరికి ఎక్కువ ప్రమాదమో వాళ్లనే చూస్తారు. నొప్పితో వంగిపోయిన మనిషిని పక్కన పెట్టుకుని తెల్లవారేదాకా ఆ కుర్చీల్లో కూర్చున్నాను. కోపం రాలేదంటే అబద్ధమే. కానీ ఒక్క సంగతి చెప్పాలి. ఆ రాత్రంతా ఎవరూ అడ్వాన్సు కట్టమనలేదు. ఇన్సూరెన్స్ కార్డు తీసుకుని మిషన్‌లో పెట్టి ఇచ్చేశారు, డబ్బు మాట అంతటితో సరి. మా నాన్నగారి ఆపరేషనప్పుడు హైదరాబాద్‌లో బిల్లింగ్ కౌంటరుకీ ఇన్సూరెన్స్ డెస్కుకీ మధ్య తిరిగిన నాకు అది నిజంగా వింతే.

తర్వాత కీహోల్ ఆపరేషన్ చేశారు. హాస్పిటల్లో ఉన్నన్నాళ్లూ మన చేతినుంచి పడేది రోజుకి 10 యూరోలు, అది కూడా ఏడాదికి 28 రోజులకి మించి తీసుకోరు. ఇంటికొచ్చిన బిల్లు యాభై కూడా దాటలేదు. సర్జను ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, స్కానింగు అని విడివిడిగా ఏమీ లేవు.

రాత్రిపూట మనిషి తోడుండే పద్ధతి మాత్రం లేదు. విజిటింగ్ టైమ్ అయ్యాక, మేమున్నాం కదా, మీరెళ్లి పడుకోండని నర్సు మర్యాదగానే పంపేసింది. రాత్రి భోజనం అంటే చల్లటి బ్రెడ్డు, రెండు చీజ్ ముక్కలు, ఒక దోసకాయ ముక్క. ఆపరేషనైన మనిషికి చల్లటి రొట్టేమిటని మా అత్తగారు ఫోన్లో బాధపడ్డారు. మర్నాడు డాక్టరుని అడిగి పెరుగన్నం పట్టుకెళ్లాను.

అన్నిటికన్నా నాకు నచ్చింది సిక్ లీవు. డాక్టరు చీటీ రాస్తే చాలు, 2023 నుంచి కంపెనీయే దాన్ని ఇన్సూరెన్స్ సంస్థ దగ్గర ఆన్‌లైన్లో తీసుకుంటుంది. ఆరు వారాల దాకా పూర్తి జీతం వస్తుంది. ఆయన ఆపరేషనయ్యాక కూడా అలవాటుకొద్దీ లాప్‌టాప్ తెరిస్తే, వాళ్ల జర్మన్ మేనేజరే కోప్పడి మూయించాడు.

మామూలు జబ్బులకి ఫ్యామిలీ డాక్టరు దగ్గరికే వెళ్లాలి. బుధవారం, శుక్రవారం మధ్యాహ్నాలు చాలా క్లినిక్కులు మూసేస్తారు. జ్వరమని వెళితే ఐబుప్రొఫెన్ వేసుకో, వేడి టీ తాగు, విశ్రాంతి తీసుకో అంటారు. ఊళ్లో సూది వేస్తేగానీ డాక్టరు చూసినట్టు లెక్క కాదనుకునే మనకి మొదట్లో మోసపోయినట్టుంటుంది. ఇప్పుడు నాకదే మంచిదనిపిస్తోంది. చీటీ మందులకి ధరలో పదో వంతు, కనీసం 5, గరిష్ఠంగా 10 యూరోలు కడతాం. మా అమ్మాయి మందులకి అదీ లేదు, 18 ఏళ్లు నిండేదాకా ఉచితం. తనకి విడిగా ప్రీమియం కూడా లేదు.

అసలు కష్టం స్పెషలిస్టుల దగ్గర. నా చర్మం సమస్యకి ఎవరికి ఫోన్ చేసినా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, నెలల తర్వాతే. ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్న మా పక్కింటాయనకి మాత్రం త్వరగానే దొరికింది. ఇదే ఈ పద్ధతిలో నాకు మింగుడుపడని విషయం. చివరికి ఫ్యామిలీ డాక్టరుని అడిగి రెఫరల్ మీద అర్జంట్ కోడ్ వేయించుకున్నాను. ఆ కోడ్‌తో 116117లో బుక్ చేస్తే నాలుగు వారాల్లోపు ఎవరో ఒకరి దగ్గర ఇప్పించాలి. ఇప్పించారు, కాకపోతే రైలెక్కి వెళ్లాల్సిన ఊళ్లో. కోడ్ సంగతి డాక్టరు తనంతట తను చెప్పడు, మనమే అడగాలి.

పళ్ల విషయంలో పెద్దగా ఆశలు పెట్టుకోవద్దు. క్లీనింగ్‌కి దాదాపు వంద యూరోలు నా చేతినుంచే పోయాయి. క్యాప్ వేయించుకుంటే మామూలు రకం ఖర్చులో 60 శాతం ఇస్తారు. ఐదేళ్లు వరసగా చెకప్ ముద్ర వేయించుకుని ఉంటే 70, పదేళ్లయితే 75. ఇక్కడి తెలుగువాళ్లు చాలామంది ఇండియా టికెట్టు కొన్నప్పుడే డెంటిస్టు పనీ పెట్టుకుంటారు.

చదువుకోవడానికి వచ్చే పిల్లలు పబ్లిక్ ఇన్సూరెన్స్‌కి నెలకి 140 యూరోలకి అటూ ఇటూ పడుతోందని చౌక ప్రైవేటు పాలసీల వైపు చూస్తుంటారు. ఒకసారి పబ్లిక్ వద్దని రాసిచ్చాక ఆ చదువు అయ్యేదాకా వెనక్కి రావడం కుదరదు. 30 దాటితే ఆ స్టూడెంట్ రేటు ఎలాగూ ఉండదు.

ఇక అమ్మానాన్నల్ని పిలిపించుకునేవాళ్లకి. వీసా కోసం తీసుకునే 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉన్నా, పాత బీపీకీ షుగరుకీ మామూలుగా అది పనికిరాదు. మా అమ్మకి బీపీ పెరిగి మా డాక్టరు దగ్గరికి తీసుకెళితే, ప్రైవేటు రేటులో అరవై యూరోల బిల్లు పోస్టులో వచ్చింది. ఇండియా డాక్టరు చీటీ ఇక్కడి మందుల షాపులో చెల్లదు. అందుకే మూడు నెలలకి సరిపడా మాత్రలు, చీటీతో సహా, చేతి బ్యాగులోనే పెట్టుకు రమ్మనండి.