ఆచారి నగా, అంగడి నగా?

పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే ప్రొద్దుటూరులో ఉన్న మాబోటి వాళ్లను కడప నుంచీ జమ్మలమడుగు నుంచీ బంధువులంతా అడిగే ప్రశ్న ఒక్కటే: నగను ఆచారి (కంసాలి) చేత చేయించాలా, షోరూములో తయారుగా ఉన్నది కొనాలా? ఈ మధ్య మా అమ్మాయికి బుట్ట కమ్మలు కావలసి వచ్చి, ఆ ప్రశ్న నాకే ఎదురైంది.

మచ్చు, అంటే బంగారం స్వచ్ఛత, విషయంలో షోరూముదే పైచేయి. 2021 జూన్ 16 నుంచి హాల్‌మార్కు దశలవారీగా తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఒక్కో నగకు విడిగా ఇచ్చే ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య, హెచ్‌యూఐడీ, కూడా ఉండి తీరాలి. ఏటా 40 లక్షల రూపాయల లోపు వ్యాపారం చేసేవారికి మినహాయింపు ఉన్నందువల్ల చిన్న ఆచారులు ఈ నిబంధన కిందికి రారు. అయితే నగ చేతికి వచ్చాక పరీక్షా కేంద్రానికి తీసుకుపోయి మచ్చు చూపించుకోవడానికి అడ్డేమీ లేదు. తరుగు విషయంలో మాత్రం ఆచారిదే మేలు. 30 గ్రాముల నగకు షోరూములో 18 శాతం తరుగు అంటే 5.4 గ్రాములు; అదే ఆచారితో 8 శాతానికి బేరం కుదిరితే 2.4 గ్రాములు. ఆ తేడాతో పసిబిడ్డకు ఒక ఉంగరం వస్తుంది.

ఇవన్నీ అందరూ వేసే లెక్కలే. నా మటుకు నేను చూసేది, పదేళ్ల తరువాత ఆ నగను విప్పి బాగుచేయడం సాధ్యమా కాదా అన్నది. మా ఆచారి పనిచేస్తుండగా ఒక పూటంతా పక్కనే కూర్చున్నాను. కమ్మచ్చులో ఒక్కొక్క బెజ్జం గుండా లాగి సన్నం చేసిన తీగను చుట్టి, బుట్ట అంచుకు ఆవగింజంత గుండ్లను వరుసగా పేర్చి, వెలిగారం పూసి, ఊదుగొట్టంతో మంటను ఆ ఒక్క చోటికే మళ్లించినప్పుడు, టంకం ఒక్క క్షణం తళుక్కుమని పారి గుండ్లన్నిటినీ పట్టుకుంది. "వెనక్కి తిప్పి చూడన్నా, నగ మంచిచెడ్డలు వెనకపక్కనే తెలుస్తాయి" అన్నాడు. అతుకు ఎక్కడుందో తెలిసిన చేయి దాన్ని మళ్లీ విప్పగలదు. గుండు ఊడితే గుండే వేస్తాడు, బుట్ట సొట్టపోతే బుట్టే మారుస్తాడు.

షోరూము నగల్లో చాలావరకు పోతపనివి. కంప్యూటరులో గీసిన డిజైనుకు మైనపు నమూనా తీసి, దాని చుట్టూ ప్లాస్టరు పోసి, వేడికి మైనం కరిగిపోయాక ఆ ఖాళీలో బంగారం పోస్తారు. రెండు కమ్మలూ అద్దంలో చూసినట్లు ఒక్కలాగే వస్తాయి, చేతిపనికి ఆ పోలిక సాధ్యం కాదు. కానీ పోతలో కంటికి కనపడని రంధ్రాలు మిగిలిపోతే, విరిగిన చోట మంట తగలగానే అవి బయటపడతాయి. మా ఆవిడ పోతగాజు ఒకటి అతుకు పెట్టించిన చోటే రెండుసార్లు విరిగింది. కొన్న అంగడివాళ్లు బాగుచేయబోమని, పాత బంగారం కింద తీసుకుంటామని అన్నారు.

ఆచారి పనిలో దోషాలు లేవని కాదు. టంకంలో బంగారం పాలు తక్కువ గనుక, అతుకులు ఎక్కువైతే కరిగించినప్పుడు మచ్చు పడిపోతుంది. కాడ్మియం కలిపిన కేడీఎం టంకాన్ని, దాని పొగ పనివాళ్లకు హాని చేస్తున్నందున, ఇప్పటికీ వాడేవారుంటే వారి దగ్గర చేయించకపోవడమే మంచిది. బోలు గుండ్లలో లక్క నింపితే దాని తూకం వేరుగా రాయించుకోవాలి.

పెద్ద నగరాల డిజైనర్లు చేసే 18 క్యారెట్ల నగలు గట్టివి, రాళ్లను బాగా పట్టి ఉంచుతాయి. చెల్లించే ధరలో డిజైనరు ఊహకు ఇచ్చేదే ఎక్కువ, కుదువ పెట్టినప్పుడు ఆ ఊహకు విలువ కట్టరు. వన్‌గ్రామ్ నగలు ఫోటోల వరకు సరిపోతాయి.

నేను ఆచారి వైపే మొగ్గాను. దీపావళికి ఇస్తానన్న కమ్మలు సంక్రాంతికి అందాయి.