ఎనిమిది ఛానళ్లు, ఒకే క్షణం: మోటారు పరీక్షలకు కొన్న డేటా సేకరణ పరికరం

కడపలో మాది మోటార్లకు వైండింగు చేసే చిన్న వర్క్‌షాపు. ఎర్రగుంట్ల, ముద్దనూరు వైపు బండల పాలిషింగు యూనిట్ల నుంచి వచ్చే మోటార్లే మా పనిలో ఎక్కువ. వైండింగు పూర్తయిన మోటారును లోడు లేకుండా తిప్పి, మూడు ఫేజుల వోల్టేజీ, మూడు ఫేజుల కరెంటు, రెండు బేరింగుల కంపనం, మొత్తం ఎనిమిది సంకేతాలను కంప్యూటరులో నమోదు చేస్తాము. ఏడాదిగా ఈ పనికి వాడుతున్నది మెజర్‌మెంట్ కంప్యూటింగ్ వారి యూఎస్‌బీ-1608ఎఫ్‌ఎస్-ప్లస్.

దీని విలువ తెలియాలంటే దీనికి ముందున్న పరికరం సంగతి చెప్పాలి, పేరు అనవసరం. డబ్బా మీద సెకనుకు 80,000 శాంపిళ్లు (విడి కొలతలు) అని ఉండేది. అది అన్ని ఛానళ్లకూ కలిపి ఇచ్చిన లెక్క అని, ఎనిమిదీ వాడితే ఒక్కోదానికి వచ్చేది 10,000 మాత్రమేనని కొన్నాక గాని మాకు అర్థం కాలేదు. అంతకంటే పెద్ద చిక్కు, అందులో ఏడీసీ (వోల్టేజీని అంకెలుగా మార్చే భాగం) ఒక్కటే ఉండటం. మల్టీప్లెక్సరు ఛానళ్లను ఒకదాని తర్వాత ఒకటిగా దానికి అందిస్తుంది కనుక, మొదటి ఛానలుకూ ఎనిమిదో ఛానలుకూ మధ్య 87.5 మైక్రోసెకన్ల తేడా వస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర అది ఒకటిన్నర డిగ్రీ పైచిలుకు. ఇంత చిన్న తేడా ఏం చేస్తుందిలే అనుకున్నాము. కానీ లోడు లేని మోటారు పవర్ ఫ్యాక్టరు (వోల్టేజీకీ కరెంటుకూ మధ్య కోణాన్ని బట్టి వచ్చే నిష్పత్తి) 0.2 దగ్గర ఉన్నప్పుడు, వోల్టేజీని మొదటి ఛానలుకూ దాని కరెంటును చివరి ఛానలుకూ కలిపితే, ఆ ఒకటిన్నర డిగ్రీయే పవరు లెక్కను సుమారు 13 శాతం తప్పిస్తుంది. వైండింగు బాగున్న మోటారును కూడా అనుమానించాల్సి వచ్చేది.

ఒకరోజు మా కుర్రాడు సెన్సరు తీగ ఊడదీసి, "అన్నా, వైరు పీకేసినా గీత ఆడతానే ఉంది" అన్నాడు. చూస్తే నిజమే. పక్క ఛానలు వదిలిన ఛార్జి లోపలి కెపాసిటరులో మిగిలిపోయి, ఖాళీ ఛానలులో దాని నీడలాగా కనబడుతోంది. సంకేతం ఇచ్చే చోట ఇంపెడెన్సు (ఏసీ కరెంటుకు ఎదురయ్యే అడ్డు) ఎక్కువగా ఉంటే, తీగ బిగించి ఉన్నా ఈ బెడద తప్పదు.

1608ఎఫ్‌ఎస్-ప్లస్‌లో ప్రతి ఛానలుకూ విడిగా 16 బిట్ల ఏడీసీ ఉంది. ఎనిమిదీ ఒకే క్షణంలో శాంపిలు తీస్తాయి. ఛానలుకు గరిష్ఠంగా సెకనుకు 1,00,000 శాంపిళ్లు అని ఉన్నా, కంప్యూటరుకు నిరంతరం పంపేటప్పుడు మొత్తం పరిమితి 4,00,000, అంటే ఎనిమిది వాడితే ఛానలుకు 50,000. మేము 25,000 దగ్గర నడుపుతాము. నిమిషానికి 24 మెగాబైట్ల డేటా వస్తుంది. పాత ల్యాప్‌టాపు కూడా దాన్ని సులభంగా మోస్తుంది.

కొనేవారు రెండు విషయాలు ముందే తెలుసుకోవాలి. ఇన్‌పుట్లన్నీ సింగిల్ ఎండెడ్ (అన్నిటినీ ఒకే ఉమ్మడి గ్రౌండుతో పోల్చి కొలిచేవి), గరిష్ఠ పరిధి ±10 వోల్టులు. కాబట్టి లైను వోల్టేజీని నేరుగా దగ్గరికి కూడా రానివ్వకూడదు. మేము వోల్టేజీకీ కరెంటుకూ హాల్ సెన్సర్లు పెట్టి, లైనును పూర్తిగా వేరుచేశాము. రెండవది, అక్కరలేని అధిక ఫ్రీక్వెన్సీలను ఆపే ఫిల్టరు ఖర్చును బడ్జెట్టులో ముందే కలుపుకోవాలి. పాత పరికరంతో డ్రైవు (మోటారు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పరికరం) మీద నడిచే ఒక మోటారును పరీక్షించినప్పుడు కంపనం స్పెక్ట్రమ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే పటంలో) 2 కిలోహెర్ట్జ్ దగ్గర నిటారుగా ఒక గీత లేచింది. బేరింగు పోయిందనుకుని మార్చేదాకా వెళ్లాము. తీరా చూస్తే అది డ్రైవు నుంచి వచ్చిన 8 కిలోహెర్ట్జ్ రొద. సెకనుకు 10,000 శాంపిళ్ల వేగం దానికి చాలకపోవడం వల్ల మడతపడి, 10లోంచి 8 పోగా మిగిలిన 2 కిలోహెర్ట్జ్ దగ్గర కనబడింది. ఏడీసీకి ముందు ఫిల్టరు లేకపోతే, ఎంత మంచి పరికరమైనా ఇలాంటి అబద్ధాన్ని నిజంలాగే చూపిస్తుంది.

ఫేజుల మధ్య సమయం ముఖ్యమైన మా వంటి పనికి ఇది సరైన ఎంపిక. కంపనం మాత్రమే కొలిచేవారు, ఖర్చు భరించగలిగితే, నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ (ఎన్‌ఐ) వారి ఎన్‌ఐ 9234 వైపు చూడటం మేలు: 24 బిట్లు, ఛానలుకు 51,200 శాంపిళ్లు, ఫిల్టరూ యాక్సెలరోమీటరుకు (కంపనాన్ని కొలిచే సెన్సరుకు) కావలసిన విద్యుత్తూ లోపలే ఉన్నాయి. అయితే ఛానళ్లు నాలుగే. మా ఎనిమిది సంకేతాలకు అలాంటివి రెండు కావాలి.