ఛారిటీ షాపులో ఆరేళ్లుగా కొంటున్నాను: ఏవి నిలిచాయి, ఏవి పోయాయి

మొన్న ఇల్లు సర్దుతూ, ఛారిటీ షాపులో, అంటే జనం దానమిచ్చిన పాత సామాను అమ్మే షాపులో, కొన్న వస్తువులన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. ఆరేళ్లలో మొత్తం 74. వాటిలో 50 ఇప్పటికీ వాడుతున్నాం. 13 వస్తువులు మాకు అవసరం తీరిపోయాక మళ్లీ ఆ షాపుకే ఇచ్చేశాను. మిగతా 11 చెత్తలోకి పోయాయి. ఈ సమీక్ష రాయాలనిపించింది ఆ 11 వల్లే. అవేంటో వరసగా చూసుకుంటే అన్నిటికీ ఒకటే కారణం కనిపించింది. వాటి అరుగుదల పైకి తెలిసేది కాదు. కంటితో చూసి, చేత్తో తడిమి తేల్చుకోగలిగిన వస్తువుల దగ్గర నేను నష్టపోయింది చాలా తక్కువ. లోలోపల పాడయ్యేవే ప్రతిసారీ దెబ్బతీశాయి.

అన్నిటికంటే బాధపెట్టినవి బూట్లు. నడకకి పనికొచ్చే మంచి జత, అడుగున గీత కూడా పడలేదు. ఎవరో కొనుక్కుని వేసుకోకుండా దాచినట్టున్నారు. కొత్తవాటి కిందే లెక్క అనుకుని తెచ్చుకున్నాను. రెండో రోజు నడకలోనే మడమ దగ్గర సోల్ మట్టిగడ్డలా విడిపోయి రాలడం మొదలైంది. తర్వాత చదివితే తెలిసింది. చాలా బూట్ల సోల్‌లో వాడే పాలీయూరితేన్ అనే ప్లాస్టిక్‌ని గాలిలోని తేమ ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా విరగ్గొడుతుందట. వాడకుండా పెట్టెలో ఉంచినంత మాత్రాన అది ఆగదు. అంటే బూట్ల విషయంలో ‘అసలు వాడలేదు’ అన్న మాటకి నేనిచ్చిన విలువ తప్పు. ఇప్పుడు బూట్లు చేతిలోకి తీసుకుంటే ముందు సోల్‌ని గట్టిగా వంచి చూస్తాను, బొటనవేలితో నొక్కుతాను. సన్నని పగుళ్లు కనిపించినా, పొడి రాలినా, చేతికి జిగురుగా తగిలినా అక్కడే పెట్టేస్తాను.

ఎలాస్టిక్ ఉన్న దుప్పట్లు రెండు పోయాయి. షాపులో బాగానే సాగి కనిపించిన ఎలాస్టిక్ రెండు ఉతుకులకే వదులైపోయింది. నాన్‌స్టిక్ పెనం ఒకటి, పూత లేచిపోయి పారేశాను. ఎలక్ట్రిక్ సామాన్లు నాలుగు పోయాయి, వాటిలో మిక్సర్ గురించి కాస్త చెప్పాలి. ‘పనిచేస్తుంది’ అని చీటీ అంటించి ఉంది. ఇంటికి తెచ్చి గిన్నెలో నీళ్లు పోసి తిప్పితే పది సెకన్లలో మాడువాసన. వెనక్కి తీసుకెళ్తే, స్విచ్ వేసి తిరుగుతుందో లేదో మాత్రమే చూశామని, అమ్మినవి వెనక్కి తీసుకునేది లేదని చెప్పారు. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ అది సరైన పద్ధతి అనుకోను. పరీక్షించిన వస్తువుకి, పరీక్షించని వస్తువుకి వేరే చీటీలు పెట్టడం పెద్ద పనేమీ కాదు. అప్పటి నుంచి నేనే అడిగి ప్లగ్ పెట్టించుకుని, ఐదు నిమిషాలైనా నడవనిచ్చి, వైరు పొడవునా వేళ్లతో తడిమి చూస్తున్నాను. వేడెక్కే సామాన్లు, అంటే హీటరు, విద్యుత్ దుప్పటి లాంటివి, పూర్తిగా మానేశాను.

హెల్మెట్, కారులో పిల్లల సీటు అసలు ఎప్పుడూ కొనలేదు, మీరూ కొనొద్దని గట్టిగా చెబుతున్నాను. హెల్మెట్ లోపలి గట్టి ఫోమ్ దెబ్బని తనలోకి తీసుకుని నలిగిపోతుంది, మళ్లీ పొంగదు. పై పెంకు మెరుస్తూనే ఉండొచ్చు. దాని మీద ఎన్ని దెబ్బలు పడ్డాయో దానమిచ్చినవాళ్లు పక్కన లేకపోతే మీకు ఎవరు చెబుతారు?

ఇక నిలిచిన 50 వస్తువుల సంగతి. వీటి గురించి చెప్పేటప్పుడు నాకు నిజంగా సంతోషంగా ఉంటుంది. స్టీలు గిన్నెలు, ఇనప పెనం, గాజు సీసాలు, చెక్క స్టూళ్లు, పుస్తకాలు, కాటన్ చొక్కాలు. ఇనప పెనం తెచ్చినప్పుడు తుప్పుతో ఎర్రగా ఉంది. స్టీలు పీచుతో రుద్ది, కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, పలచగా నూనె పట్టించి వేడిచేశాను. అలా నాలుగైదు సార్లు చేశాక నల్లగా నిగనిగలాడింది. తుప్పు కనపడే లోపం కాబట్టే భయం లేదు. ఇత్తడి అని రాసి ఉన్నవాటికి నా దగ్గర చిన్న అయస్కాంతం ఉంటుంది. ఇత్తడికి అది అంటుకోదు. అంటుకుందంటే పైన పూత, లోపల ఇనుమే. కప్పుల్ని అరచేతిలో నిలబెట్టి గోటితో మీటుతాను. బాగున్న పింగాణీ ఖంగుమంటుంది, కంటికి కనపడని పగులు ఉంటే శబ్దం చచ్చుగా వస్తుంది. అయితే రంగుల పూతలున్న బాగా పాత పింగాణీని తినడానికి, తాగడానికి వాడను. పాత పూతల్లో సీసం ఉండే అవకాశం ఉంది, అది ఏ మీటుడుకీ తెలియదు. అలాంటి ఒక గిన్నెలో ఇప్పుడు తాళాలు వేస్తున్నాం.

బట్టలకి వెలుతురు కావాలి. నేను చొక్కాని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి పట్టుకుంటాను. వెలుగు ఎదురుగా పడితే పలచబడ్డ చోట్లు, చిన్న కంతలు ఇట్టే తెలిసిపోతాయి. తర్వాత తిరగేసి చంకలు, కాలరు, ప్యాంటు అయితే కాళ్ల మధ్య కుట్టు, జిప్పు. బొత్తాలు పోయినా, కుట్టు ఊడినా పట్టించుకోను, అవి ఇంట్లో బాగయ్యేవే. చంకల దగ్గర పసుపుపచ్చ మరక మాత్రం అంత తేలిగ్గా వదలదు. సైజు అంకెని నమ్మొద్దు. ముందు వాళ్లు ఎన్నిసార్లు ఉతికారో, ఎంత కుంచించుకుపోయిందో ఆ అంకెకి తెలియదు కదా. మీకు బాగా పట్టే చొక్కా ఒకటి కొలుచుకుని, ఆ కొలతలు ఫోనులో పెట్టుకుని వెళ్లండి.

నల్లుల గురించి ఎవరూ మాట్లాడరు గానీ చెప్పాలి. మూడో ఏడు ఒక దిండు కుర్చీ మీద మనసుపడ్డాను. కుట్టు మడత విప్పి చూస్తే ఆవగింజల్లా నల్ల చుక్కలు. వదిలేసి వచ్చాను. అప్పటి నుంచి పరుపులు, దిండ్లు, దూది కూరిన కుర్చీలు నా లెక్కలో లేవు. కొన్న బట్టల్ని ఇంట్లో మంచం మీద పెట్టకుండా సంచీతో సహా నేరుగా ఉతకడానికి తీసుకెళ్తాను. వేడి తట్టుకునే గుడ్డ అయితే 60 డిగ్రీల నీళ్లలో ఉతుకుతాను. పుస్తకాలు, గుడ్డ బొమ్మల మీద అనుమానం ఉంటే కవర్‌లో మూసి డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర నాలుగు రోజులు పెడతాను. కలరా ఉండల వాసన వస్తుంటే మాత్రం ఓపిక పట్టాల్సిందే, నీడలో గాలికి ఆరేసిన కోటు ఒకటి నాకు మూడు వారాలు పట్టింది.

ఈ రకం షాపుల చరిత్రలో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే పాస్టర్ గుడ్‌విల్ సంస్థని మొదలుపెట్టినప్పుడు, ఉన్నవాళ్ల ఇళ్ల నుంచి పాత సామాను తెచ్చి, పని లేని పేదవాళ్ల చేత వాటిని బాగుచేయించి అమ్మేవాడు. బాగుచేయడమే వాళ్లకి జీతమిచ్చే పని. నేను వెళ్లే షాపులో బాగుచేసే ఆ మెట్టు లేదు. వాలంటీర్లు సంచులు విప్పి, ఏరి, చీటీ అంటించి అరలో పెడతారు. కాబట్టి సూదీ దారం, స్క్రూడ్రైవర్ పట్టుకునే ఓపిక కొన్నవాళ్లకే ఉండాలి. అది లేనివాళ్లకి ఈ షాపులు అంతగా నచ్చకపోవచ్చు.

ఆ వాలంటీర్లని చూశాకే దానమిచ్చే నా పద్ధతి మారింది. ఒకసారి తలుపు తెరవకముందే వెళ్తే, గుమ్మం ముందు రాత్రి ఎవరో పడేసిన సంచులు వానకి తడిసి ఉన్నాయి. ఒక పెద్దావిడ చేతికి తొడుగులు వేసుకుని వాటిని విడదీస్తోంది, చాలావరకు చెత్తకే పోయాయి. ఆ చెత్త తీయించే ఖర్చు కూడా షాపు మీదే పడుతుందని చెప్పింది. ఇప్పుడు నేను ఇచ్చేవి ఉతికి, జతలు కట్టి, జిగ్సా పజిల్ అయితే ముక్కలు లెక్కపెట్టి, షాపు తెరిచి ఉన్నప్పుడు చేతికే ఇస్తున్నాను.

మొదటి ఏడాది చేసిన తప్పు ఇంకొకటి ఉంది. చవక కదా అని అవసరం లేనివి కొనడం. తిరిగి ఇచ్చేసిన 13లో తొమ్మిది ఆ ఏడాదివే. ఇప్పుడు కాగితం మీద ఏం కావాలో రాసుకుని వెళ్తాను. ఆ కాగితంలో ఉన్నది దొరకడానికి కొన్నిసార్లు నెలలు పడుతుంది. చెక్క పుస్తకాల అరకి పద్నాలుగు నెలలు ఎదురుచూశాను. అడుగున నీళ్లు తగిలి ఉబ్బిన చెక్కపొట్టు పలకల అరలు మధ్యలో నాలుగు వచ్చాయి, వద్దనుకున్నాను.

ఇప్పుడు కాగితం మీద మిగిలింది కుట్టుమిషన్. సంచీలో ఒక గుడ్డముక్క, రెండు రంగుల దారాలు పెట్టుకుని తిరుగుతున్నాను, పైదారం ఒక రంగు, కిందదారం ఒక రంగు వేసి కుడితే బిగువు సరిగా ఉందో లేదో అక్కడికక్కడే తెలుస్తుందని. పోయిన వారం ఒకటి వచ్చింది గానీ చక్రం తిప్పితే సగంలో పట్టేసింది. మళ్లీ బుధవారం వెళ్తాను, కొత్త సామాను అరల్లోకి ఎక్కించేది ఆ రోజే.