ఓపెన్‌ఏఎస్2 ఏడాదిన్నర వాడాక చెబుతున్నా (అంతకుముందు మూడేళ్లు వాన్ సర్వీసు)

ఓపెన్‌ఏఎస్2 అంటే ఆర్డర్లు, బిల్లుల ఫైళ్లను కస్టమర్ కంప్యూటర్‌కి నేరుగా పంపే సాఫ్ట్‌వేర్; వాన్ (వాల్యూ యాడెడ్ నెట్‌వర్క్) అంటే అదే పనిని మధ్యలో ఉండి డబ్బు తీసుకుని చేసిపెట్టే సర్వీసు. మాది చర్లపల్లిలో చిన్న యూనిట్. స్టీలు పైపు ఫిట్టింగులు చేస్తాం, సరుకులో ఎక్కువ భాగం అమెరికాలో ఒక పెద్ద కంపెనీకి పోతుంది. వాళ్లకు పీడీఎఫ్‌లో బిల్లు పంపితే కుదరదు. ఆర్డర్ 850 ఫైలుగా వస్తుంది, సరుకు బయల్దేరగానే ఏ పెట్టెలో ఏముందో చెప్పే 856 ఫైలు మనం పంపాలి, బిల్లు 810, అన్నీ ఎక్స్12 అనే ఫైలు పద్ధతిలోనే. ఫైలు ఎలా ఉండాలో వాళ్లే చెబుతారు, దాంట్లో మన మాట చెల్లదు. ఏ దారిలో పంపాలన్నది మాత్రం కొంత మన చేతిలో ఉంటుంది.

మొదట వాన్ తీసుకున్నాం. పోస్టాఫీసులో పెట్టె అద్దెకు తీసుకున్నట్టే, మన ఫైలు మన పెట్టెలో వేస్తే సర్వీసు వాళ్లు దాన్ని అవతలివాళ్ల పెట్టెకు చేరుస్తారు. సర్వర్లు, ఫైలు మనదేనని రుజువు చేసే డిజిటల్ సర్టిఫికెట్లు మన నెత్తిన ఉండవు కాబట్టి మొదలుపెట్టడం సులువు. కానీ మా ప్లాన్‌లో అద్దెతో పాటు అక్షరాల లెక్క కూడా ఉంది, వెయ్యి అక్షరాలకు ఇంత అని. 810 చిన్న ఫైలు, దానితో బాధ లేదు. 856లో మాత్రం షిప్‌మెంటు, దాని కింద ఆర్డర్, దాని కింద ఒక్కో పెట్టె, పెట్టె లేబుల్ మీదుండే 18 అంకెల నంబరు, లోపలి ఐటెమ్‌లు, అన్నీ రాయాలి. 400 పెట్టెలు పోయిన నెల బిల్లు చూసి మా అకౌంటెంట్ రెండుసార్లు కూడి చూశాడు.

డబ్బు కన్నా ఎక్కువ బాధపెట్టింది వేరే ఉంది. ఒకసారి 856 పంపాం, సర్వీసు స్క్రీన్ మీద డెలివర్డ్ అని పచ్చ గుర్తు వచ్చింది, ఫోన్ చేసి అడిగితే కూడా "చేరింది సార్" అన్నారు. నిజమే, చేరింది. కానీ ఫైలులో ఒక తప్పు ఉండటంతో అవతలి కంప్యూటర్ దాన్ని తిప్పికొట్టింది, ఆ సంగతి చెప్పే 997 అనే జవాబు ఫైలు నెల పైన మా పెట్టెలోనే పడి ఉంది, మాకు ఒక్క మెయిల్ కూడా రాలేదు. సరుకు అక్కడి గోడౌన్‌కి వెళ్లాక లేబుల్ స్కాన్ చేస్తే వాళ్ల దగ్గర వివరాలే లేవు. చార్జ్‌బ్యాక్ పేరుతో మా పేమెంట్‌లో కోత పడింది. తప్పు ఫైలు మాదే, ఒప్పుకుంటాను, కానీ అన్నేసి డబ్బులు తీసుకునే సర్వీసు రిజెక్ట్ అయిందని ఒక్క ముక్క చెప్పకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అప్పుడు మా బావమరిది, "బావా, వాళ్లు ఏఎస్2 తీసుకుంటారు కదా, నేరుగా పంపుదాం" అన్నాడు. ఏఎస్2 కొత్తదేమీ కాదు, వాల్‌మార్ట్ 2002లోనే తన సప్లయర్లను దీని మీదకు రమ్మంది. మామూలు ఇంటర్నెట్ మీదే ఫైలు సంతకంతో, ఎన్‌క్రిప్ట్ అయి పోతుంది, అందినట్టు అవతలి నుంచి ఎండీఎన్ అనే రసీదు వస్తుంది. ఓపెన్‌ఏఎస్2 ఆ పని చేసే జావా సాఫ్ట్‌వేర్, పూర్తిగా ఉచితం. రెండు సెట్టింగుల ఫైళ్లలో (ఎక్స్‌ఎంఎల్) మన వివరాలు, వాళ్ల వివరాలు రాసి సర్టిఫికెట్లు మార్చుకుంటే చాలు. మొదట ఆఫీసు కంప్యూటర్‌లోనే పెట్టాం, ఒక ఆదివారం కరెంటు పోయి ఆర్డర్ ఫైలు అందలేదు, మర్నాడే క్లౌడ్ సర్వర్‌కి మార్చేశాం. ఇప్పుడు ఖర్చంటే ఆ సర్వర్ అద్దె, ఏడాదికి కొంత మా బావమరిది టైము.

ఒక్కటి ముందే తెలుసుకోండి, ఇది ఫైలును మోస్తుంది అంతే. ట్యాలీలో ఉన్న బిల్లును 810గా మార్చే పని దీనిది కాదు, ఆ మ్యాపింగ్ విడిగా చేయించుకోవాలి, అసలు ఖర్చు అక్కడే. ఎండీఎన్ వచ్చిందని నిశ్చింతగా ఉండొద్దు. ఎండీఎన్ అంటే ఫైలు అందింది, 997లో యాక్సెప్ట్ అని వస్తే వాళ్ల సిస్టమ్ చదవగలిగింది, ధర, పరిమాణం సరిపోయాయా అన్నది ఆ రెండూ చెప్పవు. 24 గంటల్లో 997 రాకపోయినా, రిజెక్ట్ అని వచ్చినా నా ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా పెట్టించాను. వాన్‌లో నేను అడిగి ఉండాల్సింది ఇదే.

మా అసోసియేషన్‌లో చాలామంది "మనం ఈ-ఇన్వాయిస్ చేస్తున్నాం కదా, మళ్లీ ఇదేంటి" అంటారు. రెండూ వేరు. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లకు తప్పనిసరైన జీఎస్టీ ఈ-ఇన్వాయిస్ మన బిల్లును పోర్టల్‌లో నమోదు చేసి ఐఆర్‌ఎన్ అనే నమోదు నంబరు, క్యూఆర్ కోడ్ ఇస్తుంది. ఆ బిల్లు అమెరికాలో కొనేవాళ్ల సిస్టమ్‌లోకి దానంతటది వెళ్లదు.

ఒకరిద్దరు పెద్ద కస్టమర్లు ఉండి, ఇంట్లోనో ఆఫీసులోనో సర్వర్ చూసుకునే మనిషి ఉంటే ఓపెన్‌ఏఎస్2 తీసుకోండి, 5కి 4 ఇస్తాను. తగ్గించిన ఒక మార్కు సరైన స్క్రీన్ లేనందుకు, ఏం జరిగిందో లాగ్ ఫైళ్లలో వెతుక్కోవాలి. ఇరవై మంది ఇరవై రకాలుగా అడిగేవాళ్లయితే వాన్‌లోనే ఉండండి, కానీ సంతకం పెట్టేముందు 997లో రిజెక్ట్ అని వస్తే ఎవరు చెబుతారో, వదిలేసి వెళ్తే మ్యాపింగ్ మనకు ఇస్తారో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. నెలకు రెండు ఆర్డర్లు ఇచ్చే ఇక్కడి కస్టమర్లకు మేం వాళ్ల పోర్టల్‌లోనే చేత్తో ఎక్కిస్తున్నాం, దానికింకేదీ అక్కర్లేదు.