ఆరేళ్లుగా జాబిక్స్‌తో: పదకొండు శాఖలు, ఒకే తెర

మా సంస్థ ప్రధాన కార్యాలయం విజయవాడలో ఉంది. కోస్తా జిల్లాల్లో పదకొండు శాఖలున్నాయి. సర్వర్లు, స్విచ్‌లు, రూటర్లు, యూపీఎస్‌లు కలిపి దాదాపు రెండు వందల పరికరాలను చూసుకునేది మేం ముగ్గురమే. 2019 వరకు స్విచ్‌లకు ఒక పేజీ, యూపీఎస్‌లకు ఇంకో పేజీ తెరిచి చూసుకునేవాళ్లం. రాత్రి బ్యాకప్ అయిందో లేదో పొద్దున్నే ఈమెయిల్‌లో వెతుక్కునేవాళ్లం. ఏది ఆగిపోయినా ఆ సంగతి మాకంటే ముందు శాఖ మేనేజరుకే తెలిసేది. అన్నింటి స్థితినీ ఒకేచోట చూపించే సాధనం కావాలని ఆ ఏడాది నాగియోస్, ప్రొమిథియస్, జాబిక్స్ మూడింటినీ కొన్ని వారాలపాటు పక్కపక్కనే నడిపి చూశాం.

1999 నుంచి ఉన్న నాగియోస్ నమ్మకమైనదే గాని, కొత్త పరికరం వచ్చినప్పుడల్లా టెక్స్ట్ ఫైలు దిద్ది సర్వీసును రీలోడ్ చేయడం మాకు విసుగనిపించింది. 2012లో సౌండ్‌క్లౌడ్ సంస్థలో మొదలైన ప్రొమిథియస్ గంటకోసారి పుట్టి పోయే కంటైనర్లకు (ఒక్కో ప్రోగ్రామును విడిగా నడిపే తాత్కాలిక డబ్బాలకు) చక్కగా సరిపోతుంది. కానీ అది తానే వెళ్లి ప్రతి పరికరం నుంచీ లెక్కలు తెచ్చుకుంటుంది, మా శాఖలేమో స్థిరమైన ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) లేని మామూలు బ్రాడ్‌బ్యాండ్ మీద ఉన్నాయి, బయటినుంచి వాటిని చేరుకోవడం కష్టం. పైగా ఎస్‌ఎన్‌ఎంపీ (నెట్‌వర్క్ పరికరాలు తమ స్థితి చెప్పే పద్ధతి) తప్ప మరో భాష రాని పాత స్విచ్‌ల కోసం పక్కన ఎక్స్‌పోర్టర్ అనే అనువాదకుణ్ని కూడా పోషించాలి.

జాబిక్స్ వైపు మొగ్గడానికి అసలు కారణం దాని ప్రాక్సీ. శాఖలో ఒక చిన్న పాత కంప్యూటర్ మీద దీన్ని పెడితే అక్కడి పరికరాల లెక్కలన్నీ అదే సేకరించి, తానే కేంద్రానికి ఫోన్ చేసినట్టుగా పంపిస్తుంది. కేంద్రంలో 10051 పోర్టు ఒక్కటి తెరిస్తే చాలు, శాఖ వైపు ఏదీ తెరవనక్కర్లేదు. లింకు తెగినప్పుడు లెక్కలు తన దగ్గరే దాచుకుని, తిరిగి వచ్చాక పంపుతుంది. అయితే ఈ దాపు డిఫాల్టుగా ఒక గంట వరకే. రోడ్డు విస్తరణలో కేబుల్ తెగి ఒక శాఖ పూటంతా కనబడకుండా పోయినప్పుడు, ఆ గ్రాఫులో మిగిలిన ఖాళీని చూశాకే మేం ఆ సంఖ్యను 24 గంటలకు మార్చాం.

మొదటి ఏడాది మమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టింది అలర్టుల వెల్లువ. ఒక రాత్రి రెండుంబావుకు నా ఫోనుకు వరసగా ముప్పై ఒక్క సందేశాలు వచ్చాయి: సర్వర్ అందడం లేదు, ప్రింటర్ అందడం లేదు, ఇలా ఒక్కొక్క పరికరానికీ ఒక్కొక్కటి. కంగారుగా ఫోన్ చేస్తే శాఖ వాచ్‌మన్ తీరిగ్గా "కరెంటు పోయి గంటయింది సార్" అన్నాడు. ముప్పై ఒక్క సందేశాల్లో లేని సమాచారం ఆయన ఒక్క మాటలో ఉంది. జాబిక్స్‌లో ఒక ట్రిగ్గర్‌ను (సమస్య వచ్చిందని తేల్చే షరతును) మరో ట్రిగ్గర్ మీద ఆధారపడేలా పెట్టవచ్చు. రూటర్ పడిపోతే దాని వెనక ఉన్నవాటి గురించి జాబిక్స్ నోరెత్తదు. కానీ ఈ సంబంధాలను అది తనంతట తాను కనిపెట్టదు, మనమే కూర్చుని కట్టాలి. ఇందులో ఒక మెలిక కూడా ఉంది. రూటర్ పడిపోయినట్టు తేలకముందే ప్రింటర్ పడిపోయినట్టు తేలితే ప్రింటర్ సందేశం వచ్చేస్తుంది. అందుకని రూటర్‌ను నిమిషానికోసారి, మిగతావాటిని ఐదు నిమిషాల తీరికతో తీర్పు చెప్పేలా దిద్దాం. ఆ తర్వాత అదే శాఖలో కరెంటు పోయినప్పుడు వచ్చింది ఒక్క సందేశమే.

డిస్కు నిండే హెచ్చరికకూ ఇలాంటి చికిత్సే చేశాం. ఖాళీ 10 శాతం కంటే తగ్గితే సమస్య మొదలవుతుంది, 15 శాతం దాటితేనే ముగుస్తుంది. ఈ ఎడం లేని రోజుల్లో గీత దగ్గర ఊగిసలాడే ఒక్క సర్వరే రోజంతా ఫోను మోగించేది.

డేటాబేస్ విషయంలో తప్పు పూర్తిగా నాదే. రెండు వందల పరికరాలు, ఒక్కో దానికి ఎనభై కొలతలు, నిమిషానికోసారి అంటే సెకనుకు దాదాపు 267 విలువలు, రోజుకు 2.3 కోట్ల వరసలు. విలువకు 90 బైట్ల చొప్పున రోజుకు రెండు జీబీ. అప్పటి డిఫాల్టు ప్రకారం 90 రోజులు దాచితే 180 జీబీ దాటుతుందన్న ఈ చిన్న గుణకారాన్ని నేను మొదట్లో చేయలేదు. డిస్కులను కాపలా కాసే సర్వర్ డిస్కే నిండిపోయింది. పాత వరసలను చెరిపినా మేం వాడుతున్న మైసీక్వల్ డేటాబేస్ ఆ చోటును ఆపరేటింగ్ సిస్టమ్‌కు తిరిగి ఇవ్వదని కూడా ఆరోజే తెలిసింది. 2020లో జాబిక్స్ 5.0 వెర్షన్‌కు మారుతూ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు, దానికి తగిలించే టైమ్‌స్కేల్‌డీబీకి వెళ్లాం. పాత రోజులను ముక్కలుగా తీసేయడం అక్కడ క్షణాల పని. వివరమైన విలువలను నెల మాత్రమే ఉంచి, గంటకొక సగటు, కనిష్ఠం, గరిష్ఠం మాత్రం ఏడాదిపాటు దాస్తున్నాం. పోయిన వేసవితో ఈ వేసవిని పోల్చడానికి అది చాలు.

లైసెన్సు ఖర్చు లేదు, కానీ నేర్చుకునే ఖర్చు ఉంది. ఐటెమ్ (ఒక కొలత), ట్రిగ్గర్, యాక్షన్ (సందేశం పంపడం లాంటి చర్య), టెంప్లేట్ (వీటన్నింటినీ కలిపిన మూస) మధ్య చుట్టరికం తలకెక్కడానికి కొత్తగా చేరినవారికి నెల రోజులు పడుతోంది. డ్యాష్‌బోర్డులు పని చేస్తాయి, అందం అంతంత మాత్రమే. పై అధికారులు వచ్చినప్పుడు చూపించడానికి గ్రాఫులు అందంగా గీసే గ్రఫానాను తగిలించాం. ఐదారు సర్వర్లే ఉన్నవారికి ఇంత యంత్రాంగం దండగ, అప్‌టైమ్ కూమా లాంటి చిన్న సాధనం సరిపోతుంది. మేం కూడా దాన్ని బయట ఒక అద్దె సర్వర్ మీద నడుపుతున్నాం, జాబిక్స్ బతికి ఉందో లేదో చూడడానికి.

కేంద్రం ఇంటర్నెట్టే పోతే టెలిగ్రామ్ సందేశం కూడా బయటికి పోదు. అందుకే సర్వర్‌కు ఒక జీఎస్‌ఎం మోడెమ్ తగిలించి, తీవ్రమైన అలర్టులను నేరుగా ఎస్‌ఎంఎస్‌గా పంపిస్తున్నాం. ఒకసారి లింకు పోయినా మోడెమ్ మౌనంగా ఉండిపోయింది. చూస్తే సిమ్ రీఛార్జ్ గడువు తీరి అప్పటికి పన్నెండు రోజులైంది. ఇప్పుడు ప్రతి సోమవారం ఉదయం పది గంటలకు అది మా ముగ్గురికీ ఒక పరీక్ష ఎస్‌ఎంఎస్ పంపుతుంది, పదింబావుకు ఎవరికి రాకపోయినా వాళ్లు మిగతా ఇద్దరికీ ఫోన్ చేస్తారు.